ఇల్లు లేని ఇంటిపని

ఇల్లే లేకపోతే ఇంటిపని ఎక్కడినుంచి వస్తుందని మనస్ఫూర్తిగా నమ్మినవాణ్ణి నేను. ఈ నమ్మకాన్ని నాకెవరూ నూరిపొయ్యలేదు. నా బుర్రలోనే సొంతంగా పండింది. కొన్నాళ్ళు పడవ మీద కాపురం ఉండాలని నాన్న చెప్పగానే ఎగిరి గంతేసి, "అమ్మ పురిటికి వెళ్తే వెళ్ళనీ, పడవ సంగతి నేను చూసుకుంటా" అని మాటిచ్చింది కూడా నేనే. ఊడవడానికి వాకిలి లేదు, అలకడానికి అరుగు లేదు, తోడడానికి నుయ్యి లేదు. ఇంక పనేముంటుంది? అంత తెలివి ఆ వయసుకే వచ్చెయ్యడం వల్ల కాబోలు, తరవాత పెద్దగా పెరగలేదు.

మొన్న మా మనవడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎవరో తెల్లవాళ్ళు, భార్యాభర్తలు, తెరచాప పడవలోనే ఏళ్ళ తరబడి ఉంటున్నారట. తెల్లటి బట్టలు, తెల్లటి చాప, బల్ల మీద పళ్ళు. "దేఖో తాతా, ఎంత మజాగా ఉన్నారో!" అన్నాడు వాడు. వాళ్ళు తిన్న కంచాలు ఎవరు తోముతారో, ఎక్కడ తోముతారో చూపిస్తారేమోనని నేను చివరిదాకా చూశాను. అది చూపించలేదు. సూర్యాస్తమయం చూపించి ముగించేశారు.

మా పడవలోనూ సూర్యాస్తమయం ఉండేది. ఆ వేళకి నేను గిన్నెల మీద వంగి ఉండేవాణ్ణి కనక నీళ్ళలో దాని నీడని మాత్రం బాగా ఎరుగుదును.

అవి భిలాయిలో ఉక్కు కార్ఖానా ఇంకా లేస్తున్న రోజులు. ఎటు చూసినా ఎర్రమట్టి, ఇనుప దూలాలు, లారీలు. క్వార్టర్లు కట్టేదానికన్నా మనుషులు దిగేది ఎక్కువ. మా నాన్న అంతకు ముందు విశాఖపట్నం రేవులో పడవ సరంగు. కార్ఖానాకి నీళ్ళిచ్చే మరోదా జలాశయంలో లోతులు కొలవడానికి, నాచు తియ్యడానికి పడవ నడిపేవాడు కావాలంటే వచ్చాడు. మోటారు లాంచీ వస్తుంది వస్తుంది అంటూ రాలేదు. ఈలోగా మా ఊరివైపు నుంచి ఒక తెరచాప పడవని రైలు వాగన్ మీద కట్టి తెప్పించారు. సముద్రం తప్ప మరో నీరెరగని పడవ, కొండలూ అడవులూ దాటి రైల్లో వచ్చి చెరువులో దిగింది. క్వార్టరు దొరికేదాకా అదే మా ఇల్లు. మధ్యలో వెదురు తడికలూ టార్పాలినూ వేసిన గూడు. పడవకి పూసే కీలూ, చేపనూనే, తడిసిన గోనెసంచీ కలిసిన వాసన. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నా నడుం దానంతటదే వంగుతుంది.

అమ్మ కొన్నాళ్ళే ఉండి పుట్టింటికి వెళ్ళింది. రైలెక్కే ముందు నా తల నిమిరి, "బారసాల్నాటికి నువ్వు రావాల. పాపో బాబో, పేరెట్టగానే సెవిలో ముందు నువ్వే పిలవాల. అన్నవి కాదేటి?" అంది. ఆ మాట నాకు ఎంత పెద్దదంటే, ఏ పేరైనా సరే తడబడకుండా పిలవాలని గట్టు మీద మేకపిల్లల చెవుల్లో అభ్యాసం చేసేవాణ్ణి.

అమ్మ ఇలా వెళ్ళిందో లేదో, ఆమె తమ్ముడు అలా దిగాడు. కార్ఖానాలో ఖలాసీగా చేరాడు. బ్యాచిలర్ హాస్టల్లో చోటు దొరికేదాకా నాలుగు రోజులు ఉంటానన్నాడు. ఉద్యోగం ఖలాసీ, ఉండడం కులాసా. షిఫ్టు నుంచి రాగానే గూట్లో కాళ్ళు చాపుకుని, "ఒరే గుంటా, మనిద్దరం పంచుకుందారి. నాను కెప్టెన్ని, నువ్వు మిగతావన్నీ" అనేవాడు. గూడు ఆయనది, గోడు నాది.

మిగతావన్నీ అంటే ఏమిటో చెప్పాలి. తెల్లారి లేస్తే పడవ అడుగున చేరిన నీళ్ళు డబ్బాతో తోడి పొయ్యాలి. ఊళ్ళో ఇల్లు ఊడుస్తారు, మేం ఇల్లు తోడేవాళ్ళం. తరవాత ఇసక నింపిన రేకు తొట్టిలో కుంపటి పెట్టి బొగ్గు రాజెయ్యాలి. ఊళ్ళో పొయ్యి ఒకచోట ఉంటుంది, పొగ ఒకవైపు పోతుంది. పడవ లంగరు మీద అటూ ఇటూ ఊగుతుంది కనక నేను ఎటు కూర్చుంటే పొగ అటే వచ్చేది. గిన్నెలు తోమాలంటే ప్రతిదాని చెవికీ తాడు కట్టి, ఆ తాడు నా మొలకి కట్టుకోవాలి. లేకపోతే బూడిద చేతుల్లోంచి జారి బుడుంగున మునిగిపోతుంది. అమ్మ ఇత్తడి చెంబు అలాగే పోయింది. బియ్యం కడిగితే చేపలు మూగేవి, వాటితో పంచుకోగా మిగిలింది మేం తినేవాళ్ళం.

బట్టలు ఆరెయ్యడంలో నా ప్రతిభ వేరు. ఒకరోజు దుప్పట్లన్నీ ఉతికి, తెరచాప కొయ్యకీ చుక్కాని దగ్గరికీ తాడు లాగి వరసగా ఆరేశాను. మధ్యాహ్నం గాలి లేచింది. దుప్పట్లు పొట్టలు ఉబ్బించాయి. లంగరు ఊడింది. పడవ తెరచాప ఎత్తకుండానే హుందాగా బయల్దేరి చెరువంతా దాటి అవతలి ఒడ్డున తూటిపొదల్లో దూరింది. నైట్ షిఫ్టు చేసి పడుకున్న మావయ్య లేచి చూసేసరికి గట్టూ లేదు, దారీ లేదు, ముఖం నిండా ఊదాపూలు. ఆ మొక్కని అక్కడివాళ్ళు బెషరమ్ అంటారు, సిగ్గులేనిదని. మావయ్య ఆ పేరుతో నన్ను పిలిచాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్ళు ఒక ఎత్తు. సముద్రం మీద బతికినవాళ్ళు పడవ కింది నీళ్ళు తాగరు కదా. తాగితే చస్తారు. తాతముత్తాతల నుంచి అదే అలవాటు. మంచినీళ్ళంటే ఒడ్డు నుంచి కుండతో తెచ్చుకోవలసినవే. మరోదాకి వచ్చినా నాన్న ఆ అలవాటు మార్చుకోలేదు. "పడవ తేలే నీళ్ళు తాగీవోడు పడవకి మర్యాద ఇచ్చినట్టు కాదురా" అనేవాడు. అందుకని, చుట్టూ కనుచూపు మేర తియ్యటి నీళ్ళ మధ్య తేలుతూ, నేను రోజూ పడవకీ గట్టుకీ మధ్య వేసిన పలక మీదుగా గట్టెక్కి, ఎర్రదుమ్ములో నడిచి, బోరింగు కొట్టి, కావిడితో నీళ్ళు మోసుకొచ్చేవాణ్ణి. బోరింగు దగ్గర ఒక ఛత్తీస్‌గఢీ అవ్వ ఉండేది. మేం ఎక్కడ ఉంటున్నామో తెలిసిన రోజున ఆమె బిందె కింద పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పానీ మా రహిథస్, అవు పానీ డోహారథస్ బేటా?" అంది. నీళ్ళలో ఉండి నీళ్ళు మోస్తావా అని. పక్కనున్న వాళ్ళందరికీ చెప్పి మళ్ళీ నవ్వింది. జాలిపడి ఒక చీలా చేతిలో పెట్టింది. బియ్యప్పిండి అట్టు, పచ్చిమిరపకాయ పచ్చడి. అది తింటూ ఆలోచించాను. ఈ బోరింగులోకి ఊరేది కూడా ఆ చెరువు నీళ్ళే కదా?

మర్నాటి నుంచి కుండని గట్టు దాకా తీసుకెళ్ళి, తూటిపొద చాటున కాసేపు కూర్చుని, అక్కడే చెరువులో ముంచి గుడ్డతో వడకట్టి తెచ్చేశాను. సాయంత్రం నాన్న గ్లాసెడు తాగి, "ఆ బోరింగు నీళ్ళు రాన్రానూ తీపెక్కుతున్నాయిరా" అన్నాడు. నా పొంగు కుండలో పట్టలేదు.

మావయ్య మూడో కన్ను ఎక్కడ దాచుకునేవాడో తెలీదు. ఒక పొద్దున్న కుండతో పలక ఎక్కుతుంటే గూట్లోంచి తల బైటపెట్టి, "ఏటిరా, బోరింగు ఇంత దగ్గిరికొచ్చీసిందా?" అన్నాడు.

"నువ్వు మాత్రం తాగట్లేదేటి మావయ్యా? దోసిలితో తాగుతుంటే చూశాను."

"నాను తాగింది నా దోసిలిలో. నువ్వు పోసింది మీ నాన్న కుండలో. బావకి సెప్పమంటావేటి?"

నాన్న కొట్టేవాడు కాదు. కోపం వస్తే మాట్లాడడం మానేసేవాడు. ఆ మౌనం పడవలో పట్టేది కాదు. అందుకని ఆ రోజు నుంచి మావయ్య ఖాకీ బట్టల గ్రీజు మరకలు కూడా నా వంతుకొచ్చాయి. ఆయన చెప్పులు కూడా తుడిచాను. నీళ్ళు మొయ్యడం తప్పించుకోబోయి ఆయన్ని మోశాను.

నాన్న ఇదంతా ఎందుకు చూడలేదని మీరడగవచ్చు. ఆయన తెల్లారగానే చిన్న దోనె మీద ఇంజనీర్లతో లోతులు కొలవడానికి పోయేవాడు. చీకటి పడేవేళకి తిరిగొచ్చేసరికి వంట అయిపోయి ఉండేది. అప్పుడు మావయ్య లేచి, పంచె బిగించి, కంచాలు వేసి, పులుసు గరిటెతో తిప్పి, "బావా, ఇంకో ముక్కేసుకో. మాడకుండా సూసినాను" అని వడ్డించేవాడు. వడ్డించినవాడే వండినవాడని మా నాన్న అనుకున్నాడు. నేను కాదనలేదు. నా నోట్లో ముద్ద ఉండేది, కుండలో చెరువు ఉండేది.

ఇంక ఆదివారాలు. అమ్మమ్మ తమ్ముడు, మా చిన్నతాత, కుమ్హారి దగ్గర రైల్వేలో ఉండేవాడు. ఆదివారం ఆదివారం చేపల పులుసు కోసం వచ్చేవాడు. వేయించిన శనగలు పొట్లం కట్టి తెచ్చేవాడు. మా ఊరికి వెళ్ళే గార్డులూ డ్రైవర్లూ అందరూ ఆయనకి తెలిసినవాళ్ళే కనక ఇక్కడి కబురు అక్కడికీ అక్కడి కబురు ఇక్కడికీ ఆయన నోటి మీదుగానే నడిచేది. ఆ వేళకి నాన్న బజారుకి వెళ్ళేవాడు. గట్టు చివర తాత నల్లగొడుగు కనబడగానే మావయ్య చటుక్కున లేచి నా చేతిలో గిన్నె లాక్కునేవాడు.

"ఇలాతే, నువ్వు లేరా. ఎప్పుడూ పనేనా? పుస్తకం ముందేసుకుని కూకో. జూలైలో హిందీ బడిలో జేరాల నువ్వు!"

నేనెంత వెర్రివాణ్ణంటే, ఆయనకి నా మీద జాలి పుట్టిందనుకున్నాను. చేతులు కడుక్కుని, తెరచాప నీడలో బాసింపట్టు వేసి, హిందీ అక్షరాలు పైకి చదువుతూ, తాత తెచ్చిన శనగలు నోట్లో వేసుకునేవాణ్ణి. తాత పలక ఎక్కి నిలబడి, మోచేతుల దాకా బూడిదతో ఉన్న మేనల్లుణ్ణీ, శనగలు నములుతున్న మనవణ్ణీ మార్చి మార్చి చూసేవాడు.

"ఏరా మనవడా, లాటు సాయిబు నాగ కూకున్నావేటి?"

"పోనీలే మావా, గుంటడు సదువుకుంటన్నాడు. నాకేటి, అలవాటైపోనాది" అనేవాడు మావయ్య, నుదుటి మీద లేని చెమట తుడుచుకుంటూ.

నేను దీన్ని సెలవు అనుకున్నాను. పడవకి ముందు తెరచాప, మావయ్యకి తెరవెనక నేను.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం తాత గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. ఆ రోజు నాన్న కూడా ఉన్నాడు. అమ్మకి ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. వచ్చేవారం బారసాల, తాత వెళ్తున్నాడు, వెంట ఒకర్ని తీసుకెళ్తాడు. నాన్నకి సెలవు లేదు. పడవలో రోజూ నీళ్ళు తోడే మనిషి ఉండాలి కనక మావయ్యా నేనూ ఇద్దరం ఒకేసారి కదలడానికి వీల్లేదు.

నాన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇన్నాళ్ళూ ఎవులు పని సేసినారో ఆళ్ళు ఎల్తారు. అదే నాయం" అన్నాడు.

నా గుండె పలక మీంచి గట్టెక్కి రైలు స్టేషను దాకా వెళ్ళిపోయింది.

"అడగడమేటి? పతీ ఆదివారం నా కళ్ళతో సూస్తన్నాను గదా" అన్నాడు తాత. "నా మేనల్లుడే తోముతాడు, ఆడే వొండుతాడు. ఈ గుంటడు కాలు మీద కాలేసుకుని శనగలు నవులుతాడు. ఊళ్ళో అందరికీ సెప్పినాను."

నాన్న నా వైపు తిరిగాడు. "నిజమేటిరా?"

నేను నోరు తెరిచాను. మావయ్య నన్ను చూడలేదు. తాపీగా లేచి, గ్లాసు తీసుకుని, కుండలో ముంచి, వెలుగులోకి ఎత్తి చూసి, గుటక వేశాడు. "ఈ నీళ్ళు బలే సల్లగుంటాయి బావా. ఏ బోరింగువో గానీ!"

"నిజమే నాన్నా" అన్నాను.

బారసాల రోజున నేను పడవ తోడుతూ కూర్చున్నాను. ఇప్పుడు బియ్యం పోస్తుంటారు, ఇప్పుడు పేరు రాస్తుంటారు, ఇప్పుడు అమ్మ గుమ్మం వైపు చూస్తుంటుంది. నాకు ఆ పేరేమిటో కూడా తెలీదు. డబ్బాతో తోడిన నీళ్ళు చెరువులోకి విసురుతుంటే, కార్ఖానా వైపు ఆకాశం కుంకుమలా ఉంది. అంత పెద్ద కొలిమిలో ఒక మనిషిని పడేస్తే ఏమవుతాడని ఆలోచించాను. మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు.

మావయ్య లడ్డూలతో తిరిగొచ్చాడు. కొత్త చొక్కా. నవ్వుతూ నా పక్కన కూర్చుని, "మీ అమ్మ నీకోసం సూసిందిరా. రానేదు గదాని, సెవిలో ముందు నానే పిలిసీసినాను. కిసుక్కున నవ్వింది పిల్ల" అన్నాడు. లడ్డూ చేతిలో పెట్టాడు. తిన్నాను. పగ ఉన్నా ఆకలి ఆకలే.

తరవాత నా ప్రతీకారాలు మొదలయ్యాయి. ఆయన కంచంలో పడేలా పులుసు ముక్కలో కారం కూరాను. నాన్న కంచం మార్చుకున్నాడు, ఎక్కిళ్ళు తెల్లారేదాకా తగ్గలేదు. ఆయన నడిచే పలక వదులు చేశాను. నేనే మర్చిపోయి నడిచి, కావిడితో సహా చెరువులో పడ్డాను. గట్టు మీంచి బోరింగు అవ్వ, "అబ్ పానీ మిలిస్?" అని అరిచింది, ఇప్పుడు దొరికాయా నీళ్ళు అని. ఆయన ఖాకీ నిక్కరుని బురదలో తొక్కాను. మళ్ళీ ఉతకవలసింది నేనే. పగ తీర్చుకోవడంలో కూడా పనంతా నా మీదే పడుతోందని అర్థమయ్యాక మానేశాను.

వానలకి ముందే మోటారు లాంచీ వచ్చింది, మాకు సెక్టారులో క్వార్టరూ వచ్చింది. అమ్మ మా చెల్లెల్ని ఎత్తుకుని దిగింది. నేను పరిగెత్తుకెళ్తే, నన్ను దగ్గరికి తీసుకోకముందే అడిగింది.

"ఏరా, మావయ్య సేత గిన్నెలు తోమించి నువ్వు కూకున్నావట?"

నవ్వుతూనే అంది. కానీ అంది. ఆ ఒక్క మాట కోసం నేను మళ్ళీ పగ రాజేశాను, ఈసారి పొగ రాకుండా.

మావయ్యకి ఊళ్ళో పేరు మోగిపోయింది. అక్క కాపురాన్ని కళ్ళలో పెట్టుకు చూసిన కుర్రాడు, ఆడపిల్లలా పని చేసే మగాడు. ఆ పేరు చూసే ఒక మంచి సంబంధం వచ్చింది. చక్కటి పిల్ల. చలికాలంలో పెళ్ళి. మేమందరం వెళ్ళాం. పెళ్ళయిన మర్నాడు కొత్త అత్తయ్య పెరట్లో అరటిచెట్టు దగ్గర నన్ను పట్టుకుంది. పసుపు బట్టల్లో బెరుగ్గా ఉంది.

"అల్లుడూ, నువ్వు ఆరితో పడవలో ఉన్నావంట గదా. ఆరికి ఏటిష్టం, ఏటి కష్టం? కోపమెక్కువేటి? సెప్పవా, నీకు దణ్ణవెడతాను."

దేవుడు ఉన్నాడని నాకు తెలిసింది ఆ అరటిచెట్టు కిందే.

"కోపం లేదత్తా. బంగారం" అన్నాను. "కానీ ఒక్కటి. గిన్నెలు, బట్టలు, ఇల్లు తుడవడం, ఇవి ఆయన ప్రాణం. ఇంకొకళ్ళ చెయ్యి పడితే పైకి అనడు గానీ లోపల చిన్నబుచ్చుకుంటాడు. నేనొకసారి గిన్నె ముట్టుకుంటే రెండు పూటలు అన్నం తినలేదు."

"ఓలమ్మో! మరి నాను ఊరికే కూకుంటే బాగుంటాదా?"

"అక్కడే ఉంది కిటుకు. 'నాకొద్దు, నువ్వే చెయ్యి' అంటాడు. విసుక్కుంటాడు, కసురుతాడు కూడా. అదంతా మొహమాటం. నమ్మకు. నువ్వు పక్కన నిలబడి, 'ఎంత బాగా చేస్తారో' అను చాలు. కావలిస్తే చిన్నతాతని అడుగు, కళ్ళతో చూశాడు."

అత్తయ్య నిజంగానే వెళ్ళి తాతని అడిగింది. తాత గొడుగు నేలకేసి కొట్టి మరీ సాక్ష్యం చెప్పాడు.

కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాను. పెరట్లో కుళాయి దగ్గర మావయ్య గొంతుక్కూర్చుని, మోచేతుల దాకా బూడిదతో బిందె తోముతున్నాడు. అత్తయ్య గుమ్మానికి ఆనుకుని మురిసిపోతూ చూస్తోంది.

"సూడు అల్లుడూ, నువ్వు సెప్పినట్టే! నువ్వే తోమంటూ ఎంత కసురుతారో. నాను ముట్టుకుంటేనా!"

మావయ్య చెయ్యి ఆగింది. మెల్లగా తలెత్తి అత్తయ్యని చూశాడు, తరవాత నన్ను చూశాడు. ఆ చూపులో ముందు అనుమానం, తరవాత లెక్క, తరవాత జ్ఞానోదయం వరసగా వచ్చాయి. ఒక్క మాట అంటే చాలు, తనకి ఏ పనీ రాదని, పడవలో చేసింది తను కాదని. కానీ ఆ మాట అంటే ఈ పిల్లని ఇచ్చిన మామగారి దగ్గర నుంచి తాత దాకా అందరికీ చెప్పాలి. ఆయన మళ్ళీ బూడిద అందుకున్నాడు.

అలా అందుకున్న బూడిద ఆయన పింఛను పుచ్చుకున్నాక సబ్బు బిళ్ళయింది తప్ప చెయ్యి మారలేదు. అత్తయ్య ఇప్పటికీ పేటలో అందరికీ గొప్పగా చెప్పుకుంటుంది. మా చెల్లెలు ఆయన్ని చూసి, మగవాళ్ళంటే అలా ఉండాలంటుంది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఒక్కమాట అడగలేదు, నేను చెప్పలేదు.

పండక్కీ పబ్బానికీ భోజనానికి పిలుస్తారు. తప్పకుండా వెళ్తాను. కూర్చోగానే అత్తయ్యని కూరకొక గిన్నె, పులుసుకొక గిన్నె, పచ్చడికి వేరే పళ్ళెం, మజ్జిగకి ఇంకో గ్లాసు అడిగి తీసుకుంటాను. పెరుగు మాత్రం కంచంలో అడుగంటా ఎండేదాకా కబుర్లు చెబుతూ కూర్చుంటాను.